రోమన్ సిపాయికి కటింగులు పోను చేతికెంత

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను డిగ్రీ పిల్లలకి రోమన్ సామ్రాజ్యం గురించి పాఠం చెప్పాను. రోము వెళ్ళలేదు, లాటిన్ ఒక్క ముక్క రాదు. కాలేజీ లైబ్రరీలో అట్టలూడిన రెండు పుస్తకాలు, వాటికి తోడు నా నోరు, అంతే నా పెట్టుబడి. యుద్ధాల దగ్గర క్లాసు సగం నిద్రపోయేది. సిపాయి జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేచి కూర్చునేది, ఎందుకంటే నేను దాన్ని అచ్చం మా స్టాఫు పే బిల్లులాగా బోర్డు మీద గీసేవాణ్ణి. ఇటు వైపు జీతం, అటు వైపు కటింగులు. మాకు ప్రావిడెంట్ ఫండు, ఇన్సూరెన్సు, సొసైటీ లోను పోయేవి. వాళ్ళకి తిండి, బూట్లు, బట్టలు పోయేవి. "కటింగులు పోను చేతికెంత?" అని అడిగితే క్లాసంతా ఒకేసారి నవ్వేది. వాళ్ళ ఇళ్ళల్లోనూ నెలాఖరున వినబడే మాటే కదా.

ఆ పాఠం మళ్ళీ చెప్పాల్సి వస్తుందని, అదీ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర, నేను ఎన్నడూ అనుకోలేదు.

మా ఆవిడ పోయాక అమ్మాయి నన్ను ఆరు నెలలకని తీసుకొచ్చింది. అల్లుడు సోమవారం పొద్దున్నే విమానం ఎక్కి అల్ఫారెట్టాలో క్లయింట్ దగ్గరికి వెళ్ళి వారం చివరికి తిరిగొస్తాడు. అమ్మాయి ఇక్కడే ఒక కంపెనీలో పనిచేస్తుంది. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు స్కూలు బస్సు దిగే వేళకి ఇంట్లో ఒక మనిషి ఉంటే బాగుంటుందని అందరికీ అనిపించింది. ఆరు నెలలు కావస్తుండగా ఇంకొన్నాళ్ళు ఉండటానికి ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేశారు. నన్నూ అడిగారు, సరేనన్నాను. నా సూట్‌కేసులో మాత్రలు మాత్రం ఆరు నెలలకే ఉన్నాయి.

రెండేళ్ళ కిందట నా గుండెకి స్టెంటు వేశారు. అప్పట్నించీ రోజూ రెండు మాత్రలు వేసుకోవాలి. ఒకటి బీపీకి, రెండోది రక్తం గడ్డకట్టకుండా. ఎక్స్‌టెన్షన్ సంగతి ఖాయమైన రోజున తలుపు దగ్గరగా వేసి, అట్టలన్నీ మంచం మీద పరుచుకున్నాను. బీపీవి లెక్కకి మించే తెచ్చుకున్నట్టున్నాను, దండిగానే ఉన్నాయి. రెండోవి ఎటు తిప్పినా చాలవు. అమ్మాయికి చెబుదామని హాల్లోకి వెళ్ళాను. ఆమె ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. వాళ్ళ టీమ్‌లో ఇద్దర్ని తీసేశారట. "నెక్స్ట్ రౌండ్‌లో ఎవరుంటారో తెలీదే, ఇంటి మార్ట్‌గేజ్ చూస్తే భయమేస్తోంది" అంటోంది. నేను మంచినీళ్ళ కోసం వచ్చినవాడిలా ఒక గ్లాసు తాగి గదిలోకి వెళ్ళిపోయాను.

మా కాలనీ వెనక నడిచే దారి ఒకటి ఉంది. అవతల కిటికీల్లేని డేటా సెంటర్లు ఎప్పుడూ గుయ్యిమంటూ ఉంటాయి. ఇవతల ఒక బెంచీ. సాయంత్రాలు నాలాంటి పెద్దవాళ్ళం, పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్నవాళ్ళం, అక్కడ చేరతాం. కూరగాయలు ఇచ్చిపుచ్చుకున్నట్టు అక్కడ మాత్రలు ఇచ్చిపుచ్చుకుంటారు. "మాస్టారూ, మీ దగ్గర థైరాయిడ్‌ది ఏమన్నా ఉందా? గ్యాస్ మాత్రలు నా దగ్గర బోలెడున్నాయి" అని అడుగుతారు. ఇంకెక్కడన్నా ఇలా అడిగితే నవ్వుతారు గానీ ఆ బెంచీ దగ్గర అది మర్యాద. నాకు కావలసింది మాత్రం ఎవరి దగ్గరా లేదు.

మాత్రల తరవాత అక్కడ దొరికేవి ఆసుపత్రి బిల్లుల కథలు. ఒకాయన వియ్యంకుడు కడుపునొప్పని ఎమర్జెన్సీకి వెళితే వచ్చిన బిల్లుతో విజయవాడలో ఫ్లాటు కొనొచ్చట. మర్నాటికి అదే కథలో ఒక ఫ్లాటు రెండయింది. ఆధారం లేని మాట నమ్మొద్దని సర్వీసంతా పిల్లలకి నూరిపోసిన నేను, ఆ బెంచీ మీద విన్నదల్లా నమ్మాను. నమ్మడానికి నా దగ్గర కారణం కూడా ఉంది. నాకు తీసిన విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బులకి పనికిరాదు, నా గుండె పాతదే. డాక్టరు చీటీ లేకుండా ఇక్కడి షాపులో ఆ మాత్ర ఇవ్వరు. మా ఊరి మందుల షాపతను పంపిస్తానన్నాడు గానీ కొరియర్ కస్టమ్స్‌లో ఆగిపోతుందని బెంచీ తీర్పు చెప్పింది. ఒకావిడ తమ్ముడు ఇండియా నుంచి వస్తూ తెస్తానన్నాడు, తీరా ఆయన ప్రయాణం వాయిదా పడింది. ఇక నాకు తోచింది ఒకటే. కూరలు తరిగే కత్తి తీసుకుని మాత్రని సగానికి కోశాను.

"మందులు వేసుకున్నారా నాన్నా?" అని అమ్మాయి రోజూ ఆఫీసుకి బయల్దేరుతూ అడుగుతుంది. "వేసుకున్నానమ్మా" అంటాను. అబద్ధమేమీ కాదు. ఎంత వేసుకున్నానని ఆమె అడగలేదు.

అలాంటి రోజుల్లోనే మనవరాలు ఒక ప్రాజెక్టు పట్టుకొచ్చింది. స్కూల్లో లాటిన్ తీసుకుంది. ఎందుకమ్మా అంటే, స్పానిష్ క్లాసు నిండిపోయింది తాతా అని చెప్పింది. వాళ్ళ టీచరు ఒక్కొక్కరికి ఒక్కొక్క రోమన్ మనిషిని ఇచ్చాడు. ఒకరికి రొట్టెలు కాల్చేవాడు, ఒకరికి బానిస, ఒకరికి సెనేటరు. మా పిల్లకి సిపాయి వచ్చాడు. ఆ మనిషి జీతంతో ఎలా బతికాడో క్లాసు ముందు చెప్పాలి. ఎడారిలో ఒక కోట దగ్గర దొరికిన నిజమైన జీతం చీటీకి ఇంగ్లీషు అనువాదం కూడా ఇచ్చారు. నేను కళ్ళజోడు పెట్టుకుని చదివాను. బార్లీకింత, తిండికింత, బూట్లకింత, తోలు పట్టీలకింత, నార అంగీకింత. అన్నీ కూడితే సరిగ్గా జీతమంతా అయిపోయింది.

"అంటే జీరో?" అంది మనవరాలు. "అంత వర్క్ చేసి, జీరో వచ్చిందా? సో అన్‌ఫెయిర్ తాతా!"

"ఏడాదికి మూడుసార్లు జీతం ఇస్తారు. ఈసారి గుర్రానికి బార్లీ పడింది, కొత్త అంగీ పడింది. వచ్చేసారి ఏమన్నా మిగలొచ్చు."

"మరి ఎందుకు జాయిన్ అయ్యాడు?"

"జీతం కచ్చితంగా వస్తుంది కాబట్టి. పొలం మీద బతికేవాడికి వాన ఎప్పుడు పడుతుందో తెలీదు. సైన్యంలో పూటకింత తిండి ఉంటుంది. అప్పుడప్పుడూ చక్రవర్తి బహుమానం ఇస్తాడు, అందులో సగం దళం జెండాలుంచే చోట, ఖజానాలో దాచిపెట్టాలి. సర్వీసు అయిపోయాక కొంత సొమ్మో, భూమో ఇస్తారు. దెబ్బ తగిలితే చూడటానికి వైద్యుడుంటాడు."

"డాక్టర్‌కి కటింగ్ లేదా?" అని చీటీ మళ్ళీ చూసింది. ఆ మాట నా దగ్గరే నేర్చుకుంది.

"నేను చదివినంతలో ఎక్కడా లేదు" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే నవ్వూ, ఏడుపూ రెండూ వచ్చాయి.

"సిపాయి ఇంటికి ఏం చెప్తాడు తాతా? జీరో వచ్చింది అని చెప్తాడా?"

"అమ్మా నేను క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాస్తాడు. ఈజిప్టు ఇసకలో అలాంటి ఉత్తరాలు దొరికాయి. కింద ఎక్కడో, వీలైతే బట్టలు పంపమనో, డబ్బు పంపమనో ఉంటుంది."

"సో హీ ఈజ్ లైయింగ్."

"అలా అనకూడదు. ఇంట్లోవాళ్ళు కంగారుపడతారని అలా రాస్తాడు."

ఆమె దానికి ఒప్పుకోలేదు. ముక్కు ఎగబీల్చి ల్యాప్‌టాప్ మూసేసింది.

రెండు మూడు రోజుల తరవాత, మధ్యాహ్నం మనవరాలు బస్సు దిగి వచ్చి వంటింట్లోకి అడుగుపెట్టేసరికి నేను కత్తి, మాత్ర పట్టుకుని నిలబడి ఉన్నాను. పొద్దున వేసుకోవడం మరిచిపోయి అప్పుడు కోస్తున్నాను. "ఎందుకు కట్ చేస్తున్నావ్ తాతా?" అంది. ఎక్కువ రోజులు వస్తాయని చెప్పాను. "మమ్మీకి తెలుసా?" అంది. "పెద్దవాళ్ళ మందుల సంగతి నీకెందుకు, వెళ్ళి హోంవర్క్ చేసుకో" అని కసిరాను. ఆమె అరటిపండు తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఊపిరి కూడా అప్పటికి సరిగ్గా ఆడటం లేదు. బస్‌స్టాప్ దాకా నడిస్తే ఆయాసం వచ్చేది. మేడ మెట్లు ఎక్కుతుంటే ఎవరో అరచెయ్యి ఛాతీకి ఆనించి వెనక్కి తోస్తున్నట్టుండేది. మధ్యలో ఆగి, గోడ మీది ఫోటోలు చూస్తున్నట్టు నటించేవాణ్ణి. భయం వేసింది. చాలా భయం వేసింది. అయితే ఆ భయంలో ముందు కనబడింది చావు కాదు, అమ్మాయి మొహం, ఆమె చేతిలో బిల్లు. ఏదన్నా జరిగితే ఇండియాకి వెళ్ళాక జరగాలని దేవుడికి చెప్పుకున్నాను. దేవుడికి కూడా నేను వేళలు నిర్ణయించడం మొదలుపెట్టాను.

ప్రాజెక్టు చెప్పే రోజున తల్లిదండ్రుల్ని మధ్యాహ్నం స్కూలుకి పిలిచారు. అమ్మాయి రెండు మీటింగుల మధ్య వీలు చేసుకుని వచ్చి నన్ను ఎక్కించుకుంది. కెఫెటీరియాలో పిల్లలంతా రోమన్లలాగా దుప్పట్లు చుట్టుకుని తిరుగుతున్నారు. మా సిపాయి నా ఎర్రంచు కండువాని భుజం మీద పిన్నులతో గుచ్చుకుని, అట్టముక్కతో చేసిన డాలు పట్టుకుంది. పార్కింగ్ నుంచి లోపలికి నడిచి వచ్చేసరికే నా ఒంటికి చెమట పట్టింది. ఎండ లేదు. అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది, గమనించలేదు.

మనవరాలు బాగా చెప్పింది. చీటీని పెద్దది చేసి పోస్టర్ మీద అంటించింది. అన్నీ ఇంగ్లీషులోనే చెప్పింది, నాకు అర్థమవుతూనే ఉంది. జీతం చేతికి రాకముందే కటింగులు అయిపోతాయి కాబట్టి సిపాయికి తగ్గించుకునే దారి లేదు అంది. బూట్లు సగం కొనలేడు, గుర్రాన్ని సగం మేపలేడు. అతని చేతిలో ఉన్నది ఒక్క అతని ఒళ్ళే. అందుకని నా సిపాయి తన తిండిలో సగమే తింటాడు, మిగతా సగం దాచుకుంటాడు, ఎవరికీ చెప్పడు, ఇంటికి ఉత్తరం రాస్తే బాగున్నానని రాస్తాడు అంది. నేను గర్వంగా తల ఊపుతున్నాను. ఒక పిల్లవాడు చెయ్యెత్తి, ఇది నిజంగా పుస్తకంలో ఉందా, నువ్వు కల్పించావా అని అడిగాడు.

"పుస్తకంలో లేదు. మా తాతని చూసి రాశాను" అంది మనవరాలు. "తాత గుండె మాత్రల్ని సగానికి కోసుకుంటాడు, ఎక్కువ రోజులు వస్తాయని. మా అమ్మకి చెప్పడు."

ఎవరో నవ్వారు. టీచరు చప్పట్లు కొట్టాడు, అందరూ కొట్టారు. అమ్మాయి కొట్టలేదు. ఫోన్ బ్యాగులో పెట్టి నా వైపు తిరిగింది. నా మొహం చూసింది, నుదుటి మీద చెమట చూసింది.

"నిజమా నాన్నా?" అంది.

"అబ్బే, అదేం లేదమ్మా, పిల్ల ఏదో సరదాకి..." అన్నాను. లేవబోయాను. ఛాతీలో ఆ అరచెయ్యి గట్టిగా నొక్కింది. మళ్ళీ కుర్చీలోనే కూలబడ్డాను.

స్కూలుకి దగ్గర్లోనే అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్ ఉంది. అమ్మాయి మమ్మల్నిద్దర్నీ కారెక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళింది. వెనక సీట్లో మనవరాలు కండువా పిన్నులు ఒక్కొక్కటే తీసుకుంటూ ఏడుస్తోంది. "నా వల్ల నీకు ట్రబుల్ అయిందా తాతా?" అంటే, "లేదమ్మా" అన్నాను. ఇన్నాళ్ళుగా చెప్పిన వాటిల్లో అదొక్కటే నిజం అనుకుంటాను.

క్లినిక్‌లో ఈసీజీ తీశారు. అక్కడి డాక్టరమ్మ కాగితం చూసి కుర్చీ జరుపుకుని కూర్చుంది. గుండెకి రక్తం సరిగ్గా అందడం లేదు, వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి, అంబులెన్స్ పిలుస్తున్నాను అంది. అంబులెన్స్ అనే మాట వినగానే బెంచీ మీది కథలన్నీ నా ముందు వరసగా నిలబడ్డాయి. వద్దన్నాను. నాకిప్పుడు తగ్గింది, ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకుంటాను అన్నాను. ఆవిడ మొహం చిట్లించి, వద్దంటే సంతకం పెట్టాలి, ఆపైన ఏం జరిగినా మా బాధ్యత ఉండదు అంది. కాగితం, పెన్ను తెచ్చింది. నేను పెన్ను అందుకున్నాను. కాలేజీలో పే బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడు కూడా అంత తొందరపడి ఉండను.

అమ్మాయి నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"ఎంతవుతుందో నీకు తెలీదమ్మా" అన్నాను. "మీ ఆఫీసులో చూస్తే అలా ఉంది. ఈ ముసలి ప్రాణానికి అంత పెట్టడం..."

"నాన్నా, మీరు ఊరుకోండి!" అని అరిచింది. పక్క గదిలోవాళ్ళు తొంగి చూశారు. "ఇక్కణ్ణించి ఇండియాకి బాడీ పంపించాలంటే ఎంతవుతుందో మీకు తెలుసా? నాకు తెలుసు. పోయినేడు మా ఫ్రెండ్ వాళ్ళ మామగారికి మేమంతా చందాలు వేసి పంపించాం. కార్గోలో పంపించాం నాన్నా. పేపర్స్ మీద నేనే సైన్ చేశాను. మీ పేపర్స్ నేను సైన్ చెయ్యను. సేవింగ్స్ అంటే అదేనా మీకు?"

రోమన్ సిపాయిలు తలా కొంచెం ఒక సంచీలో వేసేవారు. వాళ్ళలో ఎవరన్నా చనిపోతే ఆ సంచీలోంచి ఖర్చు పెట్టి దహనం చేసేవారు. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న అది. ఎన్ని వందలమందికి ఆ ఒక్క మార్కు వేశానో. ఆ సంచీలో డబ్బు వేస్తున్న చేతులు ఎలా ఉంటాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. మా అమ్మాయి చేతిలో ఆ పెన్ను ఇంకా అలాగే ఉంది. ఇన్నాళ్ళూ ఆమె ఖర్చు తగ్గిస్తున్నాననుకుని నేను చేసింది ఇదా అనిపించి సిగ్గుతో చచ్చిపోయాను. అంబులెన్స్ వచ్చింది, ఎక్కాను.

పాత స్టెంటు దాదాపు మూసుకుపోయిందట. మళ్ళీ తెరిచారు. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే అని డాక్టరు ఏదో చెప్పబోతే అమ్మాయి ఇక చాలన్నట్టు చెయ్యెత్తింది. అల్లుడు మొదటి విమానం పట్టుకుని వచ్చాడు. నా కాళ్ళ దగ్గర దుప్పటి సరిచేసి కూర్చున్నాడు. ఇంటికి పంపేటప్పుడు మందులు రాసిచ్చారు. నేను కోసుకున్న మాత్రే, ఇక్కడి షాపులో కొంటే ఒక పిజ్జా ఖరీదు కూడా లేదు. అమ్మాయి ఆ సీసా నా చేతిలో పెట్టి కారు స్టార్ట్ చేసింది. "ఒక్కసారి అడిగి ఉంటే అయిపోయేది" అని మాత్రం అంది.

బిల్లు తరవాత వచ్చింది. బెంచీ మీదివాళ్ళు అతిశయోక్తులు చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఇన్సూరెన్సువాళ్ళు పాత జబ్బని తోసేశారు. అమ్మాయి ఎన్నో ఫోన్లు చేసి, హోల్డ్‌లో పాటలు విని విని, కొంత తగ్గించేట్టు ఒప్పించింది. మిగతాది నెలనెలా కట్టాలి. బాధ్యత తనదని సంతకం పెట్టింది. జీతం పడిన రోజునే అది దానంతటదే పోతుంది, తీసేశాకే మిగతాది చేతికొస్తుంది. ఎంతని అడిగితే చెప్పదు, ఎన్నాళ్ళని అడిగితే చెప్పదు. "మీరు దాని గురించి ఆలోచించకండి" అంటుంది. ఆలోచించకుండా ఎలా ఉంటాను?

నేనిప్పుడు మాత్రలు అమ్మాయి కళ్ళ ముందే వేసుకుంటాను, నీళ్ళు తాగాక నోరు కూడా తెరిచి చూపిస్తాను. మనవరాలు అది చూసి పడీపడీ నవ్వుతుంది. సాయంత్రం వంట నాది. కొద్దిగా పప్పు, ఒక కూర. మొన్న ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. అమ్మాయి వేపుడు ముట్టలేదు. అన్నంలో పప్పు మెత్తగా కలుపుకుని, ప్రతి ముద్దా ఎడమ వైపుకే తోసి నెమ్మదిగా నములుతోంది. ఒకసారి కుడివైపు ఏదో తగిలినట్టుంది, కళ్ళు మూసుకుంది.

"పన్ను నెప్పా అమ్మా?" అన్నాను.

"ఏం లేదు నాన్నా."

మనవరాలు తినడం ఆపింది. "మమ్మీకి రూట్ కెనాల్ చెయ్యాలి తాతా. అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసింది. టూ టైమ్స్."

"నువ్వు మాట్లాడకుండా తిను" అంది అమ్మాయి. నా వైపు చూడలేదు. "తర్వాత చేయించుకుంటాలే. తొందరేం లేదు."

మందలించాలని నోరు తెరిచాను. ఏ మొహంతో మందలించను? అమ్మాయి పప్పు గిన్నె నా వైపు జరిపి, "బాగా కుదిరింది నాన్నా, ఇంకొంచెం వేసుకోండి" అంది.